మూత తీసినంక ముందు వాసన చూడాలట



పోయినసారి యూరియా లైన్ల గురించి రాస్తే మస్తుమంది చదివిన్రు, తలా ఒక మాట అన్నరు. ఈసారి మందు గురించి రాస్తున్న. పురుగుల మందు కాదు, తాగే మందు. "ఏందన్నా, నువ్వు గూడ మొదలువెట్టినవా" అని సగం చదివి ఫోన్లు చెయ్యకుండ్రి. మొత్తం చదివి, అప్పుడు తిట్టాలనిపిస్తే తిట్టుండ్రి.

మా అక్క కొడుకు స్కాట్లాండ్‌ల గ్లాస్గో పట్నంల ఉద్యోగం చేస్తడు, పోయి ఐదేండ్లయింది. అక్కడ వానికి ఒక జట్టు ఉంది. ఎనిమిది మంది. ఇద్దరు మన తెలుగోళ్లు, ఒక పంజాబీ, మిగతావాళ్లు అక్కడివాళ్లే. ఒకామె అయితే రిటైరైన టీచరమ్మ అట. నెలకొకసారి ఒకరింట్ల కూడుతరు. ఒక్కొక్కరు ఒక్కో విస్కీ తెస్తరు. ఖరీదైన సీసా అయితే అందరూ పైసలేసుకొని కొని, మందుల దుకాణంల టానిక్కు సీసాల లెక్క చిన్న చిన్న సీసాలల్ల పంచుకుంటరు. భార్యలు, భర్తలు, పెద్దోళ్లు అందరూ కూచుంటరు. రాత్రంత కూచున్నా ఒక్కొక్కరు తాగేది మన లెక్కల ఒక నైంటీ కాదు. మరి ఏం చేస్తర్రా అంటే, "వాసన చూస్తం మామా, మాట్లాడుకుంటం" అన్నడు. నేను నవ్విన. మీరు గూడ నవ్వుతరు.

మన దగ్గర ఎట్ల తాగుతరో నేను చెప్పనక్కర లేదు. మోటరు కాడ, కాలువ గట్టు మీద, స్కూలు ప్రహరీ ఎనక. బెల్టుషాపుల క్వార్టర్ కొని, ప్లాస్టిక్ గిలాసల సగం కొట్టి, నీళ్ల ప్యాకెట్ పండ్లతోటి చింపి కలిపి, ముక్కు మూసుకొని ఒక్క గుక్కల మింగి, మొకం వికారంగ పెట్టి ఇంత కారప్పూస నోట్లేసుకునుడు. రుచి అనే మాట ఎక్కడుంది అందుల? కషాయం తాగే పిల్లగాడు గూడ గంత తొందరపడడు. ఎవరన్న వస్తరేమోనని భయం, ఇంట్ల తెలుస్తదని భయం. భయంతోటి తాగేది తొందరగనే లోపలికి పోతది, ఎక్కువనే పోతది.

మా తమ్ముడు గట్లనే పోయిండు. నలభై ఒక్క ఏండ్లకు. మంచి పనోడు, ఎకరంనర మడి ఒక్కడే కరిగట్టేటోడు. మూడేండ్లల కండ్లు పచ్చబడ్డయి, కడుపు నీళ్లతోటి ఉబ్బింది. పట్నంల పెద్ద దవాఖానకు నాలుగుసార్లు తీస్కపోయినం. రెండెకరాలల్ల ముప్పై గుంటలు అమ్మినం. మనిషి దక్కలే. మా మరదలు, దాని కొడుకు మా పక్క ఇంట్లనే ఉంటరు, నడుమ గోడ గూడ లేదు, ఒకటే వాకిలి. పిల్లగానికి ఇప్పుడు ఇరవై రెండు. డిగ్రీ అయింది. సాయంత్రమైతే దోస్తులతోటి కాలువ దిక్కు పోతడని నాకు ఎర్కనే, వాని తల్లికి గూడ ఎర్కనే. ఎవరం నోరు తెరువలే.

ఇసుమంటి వాకిట్లకు మా మేనల్లుడు మొన్న సంక్రాంతికి రెండు సీసాలు పట్టుకొని దిగిండు. బయటి దేశం నుంచి వచ్చేటోళ్లు రెండు లీటర్లదాక తెచ్చుకోవచ్చు, పన్ను లేదు. ఒకటి స్కాట్లాండ్‌ల ఐలా అనే దీవిది, పేరు లఫ్రోయిగ్. ఇంకొకటి మన బెంగుళూరుల తయారయ్యే అమృత్ ఫ్యూజన్, హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల దిగినంక కొన్నడట. "మామా, కనుమ నాడు మాపు వాకిట్ల అందరం కూచుందాం. అత్త, చిన్నత్త, బామ్మర్ది అందరూ. దాచుకొని తాగుడు వద్దు" అన్నడు.

మా ఇంటామె ఒక్కటే మాటన్నది. "నీకు సిగ్గుంటే దాన్ని అడుగు. అది ఊ అంటేనే." అది అంటే మా మరదలు. నేను అడుగలేకపోయిన, నా నోటికి రాలే. మేనల్లుడే పోయి వాళ్ల అరుగు మీద కూచొని గంటసేపు మాట్లాడిండు. ఏం చెప్పిండో నాకు పూర్తిగ తెల్వది. కనుమ నాడు పొద్దుగూకినంక మరదలే చాప తెచ్చి వాకిట్ల పరిచింది. "నా కొడుకు ఎట్లాగూ తాగుతడు బావా. కండ్ల ముంగట చూస్త" అన్నది.

ఇంక ఆ మాపు సంగతి. మా బావ వచ్చిండు, అంటే మేనల్లుని తండ్రి. తండ్రీకొడుకులు గిలాసలు పట్టుకొని ఎదురుబొదురు కూచునుడు మన ఇండ్లల్ల ఎప్పుడన్న చూసిన్రా? మా బావ వేపచెట్టు దిక్కు తిరిగి కూచున్నడు. గిలాస అందుకునేటప్పుడు గూడ కొడుకు మొకం చూడలే. పక్క చేను రైతు ఒకాయన వచ్చిండు, నాకు చిన్నప్పటి దోస్తు, ఆయన సంగతి తర్వాత చెప్త. శనగ గుడాలు, వేయించిన చేప ముక్కలు, ఒక బిందె నీళ్లు. సోడా లేదు, కూల్‌డ్రింకు లేదు.

మేనల్లుడు ఒక్కొక్కరికి ఇంత అడుగున పోసిండు. పదిహేను మిల్లీలీటర్లు ఉంటది. "గింతేనా? పిల్లికి పోసినవారా" అన్నడు బావ, వేపచెట్టుతోటే. గిలాస మూతి సన్నగ, అడుగు గుండ్రంగ ఉంటే వాసన నిలుస్తదట. అటువంటివి రెండే తెచ్చిండు, మిగతావాళ్లకు మా చాయ్ గిలాసలే. ముందుగాల నోరు కొద్దిగ తెరిచి వాసన చూడాలట, ముక్కు గిలాసల దోపొద్దట, దోపితే స్పిరిట్ ఘాటు తప్ప ఏం తెల్వదు. తర్వాత చిన్న గుక్క, నోట్ల కొద్దిసేపు తిప్పి మింగాలె. తర్వాత రెండు చుక్కల నీళ్లు పోసి మళ్లోసారి. నీళ్లు పడితే వాసన మారుతది. ఇది అబద్ధం కాదు, నాకే తెలిసింది.

ముందు అమృత్. ఇది యాభై శాతం ఘాటు, అందుకే నీళ్లు కొద్దిగ ఎక్కువ పోసిండు. బెంగుళూరోళ్లు 2004ల తమ అమృత్ విస్కీని మొదట అమ్మకానికి పెట్టింది మన దేశంల కాదు, గ్లాస్గోల. విస్కీ పుట్టిన గడ్డ మీదనే పోయి పెట్టిన్రు. ఆ గుండెధైర్యం నాకు నచ్చింది. ఈ ఫ్యూజన్ అనేదాంట్ల మన దేశపు బార్లీ ఉంటది, స్కాట్లాండ్ నుంచి తెచ్చిన పొగబెట్టిన బార్లీ గూడ ఉంటది. మన బార్లీ అంటే పంజాబు, హర్యానా, రాజస్థాన్ దిక్కు రైతులు యాసంగిల పండించేది.

ఇక్కడ మనకు సంబంధించిన ముచ్చట ఉంది, జర ఓపికతోటి చదువుండ్రి. మాల్ట్ మాల్ట్ అంటరు గదా, అది వేరే ఏం కాదు, మండె కట్టుడే! మనం వడ్లు ఒక రోజు నానబోసి, సంచుల్ల మండె కడితే తెల్లగ మొలక ముక్కు వస్తది గదా, వాళ్లు బార్లీని గట్లనే రెండు రోజులు నానబోసి, ఐదారు రోజులు నేల మీద పరిచి మొలకెత్తిస్తరు. ఉడుకెక్కి పాడు కాకుండ పారలతోటి తిరగేస్తుంటరు. ఇప్పుడు ఎక్కువ మిషిన్లతోటే అయితది గాని, లఫ్రోయిగ్‌ల కొంత సరుకు ఇంక నేల మీదనే చేస్తరు. మొలకొచ్చిన గింజ నములుండ్రి, తియ్యగుంటది. గింజల ఉన్న పిండిని అది తన మొలకకు తిండిగ చక్కెర చేసుకుంటది. అది పూర్తిగ తినకముందే వీళ్లు ఎండబెట్టి మొలకను ఆపుతరు. ఆ తీపిని ఉడుకు నీళ్లల్ల పిండుకొని, ఈస్ట్ వేసి పులియబెట్టి, రాగి బట్టీల రెండుసార్లు కాగబెట్టి ఆవిరి పడతరు. మిగిలిన పిప్పి అక్కడ ఆవులకు పోతది. ఇది ఇన్నంక మా ఇంటామె, "అయితే బర్లకు గూడ లాభమే ఉన్నదన్నట్టు" అన్నది. మన దిక్కు గూడ నూకలతోటి, మక్కలతోటి స్పిరిట్ తీసినంక మిగిలిన పిప్పి దాణా కింద అమ్ముతున్నరు, మీలో కొందరు వాడుతున్నరు గూడ.

నేను లెక్క వేసిన. టన్ను బార్లీకి నాలుగు వందల లీటర్ల చిల్లర స్వచ్ఛమైన స్పిరిట్ వస్తది. ఏడు వందల మిల్లీలీటర్ల సీసా, నలభై శాతం అంటే అందుల అసలు స్పిరిట్ 280 మిల్లీలీటర్లు. పీపాలల్ల ఏండ్లకేండ్లు ఆవిరైపోయేది కలుపుకున్నా ఒక్క సీసాకు కిలోకు అటుఇటు బార్లీ సరిపోతది. మన దేశంల 2025-26కు బార్లీ మద్దతు ధర క్వింటాలుకు 1980 రూపాయలు. అంటే కిలో ఇరవై గూడ లేకుండె. ఆ లఫ్రోయిగ్ సీసా అక్కడ మన పైసలల్ల నాలుగు వేల పైచిలుకు, అంటే మూడు బస్తాల డీఏపీ. ఇరవై రూపాయల గింజ! పన్ను ఉంది, పీపా ఉంది, పదేండ్ల కాలం ఉంది, పేరు ఉంది, అన్నీ ఒప్పుకుంట. గాని గింజ పండించినోని పాలు ఎక్కడైనా గింతనే అని ఆ చాప మీద కూచున్నప్పుడు గూడ నాకు అనిపించింది. మా బావ "తాగేకాడ గూడ మద్దతు ధరనేనారా" అన్నడు.

రెండోది లఫ్రోయిగ్. మూత తీయంగనే వాకిలంత వాసన. మరదలు కొడుకు "దవాఖాన వాసన" అన్నడు. అయోడిన్ రాసిన కట్టు వాసన, నిజమే. నా దోస్తు ఒక్కసారి పీల్చి "మోటరు వైండింగు కాలిన వాసన" అన్నడు. అందరం పక్కున నవ్వినం, ఎందుకంటే గా వాసన తెల్వని రైతు ఉండడు, ఆ వాసనతోటి పదివేలు పోతయి. మా ఇంటామె తాగలే, గిలాస తీస్కొని చూసి, "వానకు తడిసిన పిడకలు రాజేస్తే వచ్చే పొగ" అన్నది. అసలుకు దగ్గరగ వచ్చింది ఈమెనే. ఆ దీవిల చెట్లు తక్కువ. బురదనేలల గడ్డి, నాచు వేల ఏండ్లు సగం కుళ్లి, సగం కుళ్లక పొరలు పొరలుగ మట్టయితది. దాన్ని పీట్ అంటరు. ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరుగుడే గొప్ప. దాన్ని పొడుగు పారలతోటి ఇటుకల లెక్క కోసి, ఎండబెట్టి, పిడకల లెక్క కాలబెడతరు. మొలకెత్తిన బార్లీని ఆ పొగ మీద ఎండబెడితే పొగ గింజకు పడతది. ఆ పొగ బట్టీల కాగినా పోదు, పీపాల పదేండ్లున్నా పోదు, మా వాకిలిదాక వచ్చింది.

ఈ కంపెనీదే ఇంకో ముచ్చట, భూమి ముచ్చట కాబట్టి మీకు నచ్చుతది. 1994 నుంచి వాళ్లు తమ విస్కీ కొన్న అభిమానులకు ఆ దీవిల తలా ఒక చదరపు అడుగు భూమి రాసిస్తున్నరు, జీవితాంతం. అమ్ముకునేటందుకు లేదు, దున్నేటందుకు లేదు. కంపెనీనే ఆ అడుగు భూమికి కౌలు కడతది. కౌలు ఎంతంటే ఏడాదికి ఒక గుక్క విస్కీ, అక్కడికి పోయి తాగాలె. మా మేనల్లునికి గూడ ఒక అడుగు ఉంది, సర్టిఫికెట్ ఫోన్ల చూపెట్టిండు. నేను లెక్క చేస్తే గుంటకు 1089 మంది పట్టాదార్లు అయితరు. మన వీఆర్వోలు ఉంటే పిచ్చిలేస్తుండె.

పీపాల ముచ్చట గూడ చెప్పాలె. బట్టీల నుంచి దిగినప్పుడు విస్కీ నీళ్ల లెక్క తెల్లగనే ఉంటది. రంగు, సగం రుచి ఓక్ కట్టె పీపాదే. స్కాచ్ అని రాసుకోవాలంటే స్కాట్లాండ్‌లనే ఓక్ పీపాల మూడేండ్లు తక్కువ కాకుండ ఉండాలె, అది చట్టం. సీసా మీద పది అని ఉంటే అందుల కలిపిన వాటిల అన్నిటికంటె చిన్నదాని వయసు పదేండ్లని అర్థం. పీపాల ఉన్నన్నొద్దులు కొంత ఆవిరైపోతది. స్కాట్లాండ్ చలికి ఏడాదికి రెండు శాతం, బెంగుళూరు ఎండకు పది శాతం పైమాటే. అందుకే మన దగ్గర అంత కాలం ఉంచితే పీపా ఎండిపోతది, నాలుగైదేండ్లకే తీస్తరు. ఆ ఆవిరైన దాన్ని దేవదూతల పాలు అంటరట వాళ్లు. ఇది చెప్తుంటే మా బావ మొదటిసారి ఇటు తిరిగిండు. "మనం సాక పెడతం గదరా" అన్నడు. అన్నంక వేలు ముంచి నేల మీద మూడు చుక్కలు చల్లిండు. అందరం చల్లినం. కల్లు తాగే ప్రతి ముసలాయన ఇది చేసేటోడు, భూదేవికి ముందు, తనకు తర్వాత. బ్రాందీ షాపులొచ్చినంక ఎవరు చల్లుతున్నరు?

ఇప్పుడు నా దోస్తు సంగతి. ఆయన మానేసి రెండేండ్లు దాటింది. మానెయ్యనీకి ఎంత కష్టపడ్డడో ఆయనకూ, ఆయన పెండ్లానికీ తెలుసు. నేను పిలువలే, వాకిట్ల మాటలు ఇనొచ్చి తనే వచ్చి కూచున్నడు. మేనల్లుడు ఆయన దగ్గరికి వచ్చి "పెద్దనాయినా, పొయ్యాల్నా?" అని అడుగలే. గ్లాస్గోల వాళ్ల జట్టుల గూడ ఒకాయన తాగుడు మానినోడు ఉన్నడట, వాసన చూసి చెప్తడట. వాళ్లల్ల ఒక పద్ధతి ఉంది, వద్దన్నోనికి రెండోసారి చెయ్యి చాపరు, ఎందుకని అడుగరు. మన దగ్గర? "ఒక్కటే, నా మీద ఒట్టు, ఒక్కటే" అని గల్లా పట్టుకొని పోసేదాక వదలం. దాన్నే ప్రేమ అనుకుంటం. ఈయన వాసన చూసిండు, మోటరు వైండింగు అన్నడు, మంచినీళ్లు తాగిండు, చేప ముక్కలు తిన్నడు. కొద్దిసేపటికి లేచి "పొలానికి నీళ్లు పెట్టాలె" అని పోయిండు. రాత్రి ఎనిమిదింటికి కరెంటు లేదని మా అందరికీ తెలుసు. ఎవరం ఏమనలే. మానినోళ్లకు వాసన గూడ అలవాటును లేపొచ్చు. అందుకే నేను చెప్పేది, అసుమంటోళ్లు పక్కకుంటే సీసా తీయకపోవుడే మేలు. ఆయన లేచిపోవుడు ఆయన పెద్దతనం, మా గొప్పతనం కాదు.

మా మరదలు అంతసేపూ చాప చివర కూచొని ఉంది. లఫ్రోయిగ్ గిలాస చేతికి తీస్కున్నది. తాగలే. చాలాసేపు వాసన చూసింది. "మీ తమ్ముడు ఒక్కరోజు గూడ గిట్ల చూసి తాగలే బావా" అన్నది. "ముక్కు మూసుకొనే తాగేటోడు." గిలాస కింద పెట్టింది.

ఎవరికీ మాట రాలే. పిల్లగాడు తన గిలాసల చుక్క అట్లనే పట్టుకొని కూచున్నడు. తాగుతడా, పడబోస్తడా అని నేను చూస్తున్న. వాడు తల్లి దిక్కు చూసిండు, తల్లి వాని దిక్కు చూడలే. ఒక చుక్క నాలిక మీద పెట్టుకొని, దగ్గి, "మంచిగ లేదు బావా" అన్నడు మేనల్లునితోటి. "మంచిగ లేకపోతే మంచిగ లేదనే చెప్పాలె, అందుకే ఇది" అన్నడు వాడు.

ఇదంత చెప్పినంక ఒకటి మరిచిపోవద్దు. మన బెల్టుషాపుల విస్కీ అని దొరికేదాంట్ల ఎక్కువ భాగం అసలు ఈ జాతే కాదు. చక్కెర ఫ్యాక్టరీల మిగిలే మొలాసిస్ నుంచి, లేదంటే నూకల నుంచి తీసిన స్పిరిట్‌ల ఇంత మాల్ట్ కలిపి, రంగేసి, వాసనేసి నింపుతరు. యూరప్ దేశాలల్ల మొలాసిస్‌తోటి చేసినదాన్ని విస్కీ అని అమ్మనియ్యరు, ధాన్యంతోటి చేస్తేనే విస్కీ. మనకాడ సీసా ఎనక సన్న అక్షరాలు చదివినోడు ఎవడు? పురుగుల మందు డబ్బా మీద చదువుతం, ఎకరానికి ఎన్ని మిల్లీలీటర్లో చూస్తం, మనం మింగేది చదువం. అట్లని పెద్ద ఖరీదుది మంచిది, చిన్న ఖరీదుది చెడ్డది అని నేను అంటలేను. కార్జానికి స్పిరిట్ స్పిరిటే, అది ఓక్ పీపాదా, ప్లాస్టిక్ డబ్బాదా అని అడుగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023ల సాఫ్‌గ చెప్పింది, ఆరోగ్యానికి ఏ హానీ చెయ్యనంత తక్కువ మోతాదు అంటూ మద్యానికి లేదని.

మన ఆడోళ్లకు ఇది ఆ సంస్థ చెప్పకముందే ఎర్క. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల ఆడోళ్లు సారా దుకాణాలు మూయించిన్రు, అది జిల్లాలు దాటి మన దిక్కు గూడ వచ్చింది. 1993ల సారా బంద్ అయింది, 1995 జనవరిల మొత్తం మద్యమే బంద్ పెట్టిన్రు, 1997ల మళ్ల తెరిచిన్రు. నిషేధం రోజులల్ల మా ఊళ్లె ఏమేం జరిగిందో అది వేరే పోస్టు అయితది.

ఇంక కల్లు. తెల్లారి మేనల్లుణ్ని తాటివనం తీస్కపోయిన. చలికాలం కాబట్టి పోతుతాళ్లు పారుతున్నయి. మా గౌడన్న మోకు, ముస్తాదు ఏసుకొని ఎక్కి లొట్టి దించిండు, తాటాకు రేకలల్ల పోసిండు. మేనల్లుడు ఇక్కడ గూడ ముక్కు పెట్టి చూసిండు, గౌడన్న వాని మొకం చూసి "కల్తీ అనుకుంటున్నడా ఏంది పిల్లగాడు" అని కోపానికొచ్చిండు. సముదాయించిన. చెరువు కట్ట మీది చెట్టుది, చెలకల చెట్టుది పక్కపక్కన పోపిచ్చిన. చెలక చెట్టు కల్లు చిక్కగ, తీపి ఎక్కువ. మా బాపు ఉన్నప్పుడు రేక నోటికి పెట్టంగనే ఏ చెట్టుదో చెప్పేటోడు, నిన్నటి లొట్టి కడగకుండ కట్టినా పట్టేటోడు. ఆయన ఎనిమిదో తరగతి గూడ సదువలే. ఆయనను టేస్టర్ అని ఎవరూ అనలే, కల్లు తాగుతడు అన్నరు, అంతే.

మా చిన్నప్పుడు వాడిక కల్లు ఇంటికే వచ్చేది. అమ్మ, నాయినమ్మ, చుట్టాలు, అందరూ వాకిట్లనే కూచొని తాగేటోళ్లు. పొద్దున తియ్యగుండేది మాపటికి పులిసి ఘాటెక్కుతది, మర్నాటికి నోట్ల పెట్టలేం. దాచుకునేటందుకు లేదు, పంచుకునుడే. చెట్టు ఇచ్చిందే ఇస్తది, ఇంకో క్వార్టర్ తేపో అనేటందుకు లేదు. ఆ కొలతను ఎవరూ రాసిపెట్టలే, చెట్టే పెట్టింది. కాంపౌండ్లల్ల క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలిపి అమ్ముడు మొదలైనంక ఆ కొలత పోయింది. లాక్‌డౌన్‌ల కల్లు దొరకక మనుషులు చేతులు వణికి, పిచ్చిచూపులు చూసింది మీ ఊళ్లల్ల గూడ చూసే ఉంటరు. అది కల్లు మీద ప్రేమ కాదు, గోలీల మీద బానిసతనం. చెట్టు కింద, ఎక్కినోని చేతుల నుంచి తాగకపోతే తాగొద్దు అని నేను మా పిల్లలకు చెప్పిన.

ఇప్పటి సంగతి. ఆ రెండు సీసాలు మా బీరువల బట్టల కింద కాదు, పైనే ఉన్నయి. తాళం మా ఇంటామె దగ్గర. నాలుగు నెలలయింది, అమృత్ సగం ఉంది, లఫ్రోయిగ్ సగం కంటె ఎక్కువనే ఉంది, ఎవరికీ ఆ మోటరు వాసన అంతగ నచ్చలే. బావ వచ్చినప్పుడు ఒక్కసారి తీసినం. మరదలు కొడుకు కాలువ దిక్కు పోవుడు మానిండా అంటే మానలే. మొన్న వాడే వచ్చి చెప్పిండు, "పెద్దబాపూ, నిన్న ఇద్దరం కలిసి ఒక క్వార్టర్ తాగినం, ఇంట్ల చెప్పిన" అని. వాళ్లమ్మ ఏమన్నదిరా అంటే, "వాసన చూసినవా అని అడిగింది" అన్నడు. ఆమె ఏ మనసుతోటి అడిగిందో నాకు తెలుసు, వానికి ఎంత తెలిసిందో చెప్పలేను.

గ్లాస్గో జట్టు ఇప్పుడు కల్లు పంపమని మేనల్లుని పానం తింటున్నరట. సీసాలల్ల పోసి పంపితే విమానం ఎక్కకముందే మూతలు ఎగిరిపోతయి, దిగేసరికి సిర్క అయితది. ఆ టీచరమ్మ అయితే వచ్చే మాఘమాసంల స్వయంగ వస్తనంటున్నదట. రానీ. గౌడన్నకు ముందే చెప్పి పెట్టిన, ముక్కు పెట్టి చూస్తే కోపం చెయ్యొద్దని. మీ ఊళ్లల్ల చెలక తాళ్లు ఇంక ఎన్ని మిగిలినయో, ఎక్కేటోళ్లు ఎంతమంది ఉన్నరో కింద రాయుండ్రి. మా ఊళ్లె ఎక్కేటోళ్లు నలుగురే, అందరికీ యాభై దాటినయి.